సైడు తెర దాటిన మాట

“పప్పు పొంగుతాందని రాజు చెప్తాడా? యా రాజ్యంలో చెప్తాడు, చెప్పు!”

నారాయణ అయ్యవారు వంటింటి గడప మీద నిలబడి అరుస్తున్నాడు. బడిలో పిల్లల్ని కూడా ఆయన అంత గట్టిగా గదమాయించి ఎరగడు. పొయ్యి ముందు కూర్చున్న వనజమ్మ తలెత్తలేదు. ఎత్తితే మొగుడి మొహం చూడాలి. చూస్తే నవ్వొస్తుంది. నవ్విందా, ఇక ఈ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు.

“నిన్నే అడుగుతాండేది!”

“నాకేం తెలుసు? పోయి ఆ రాజునే అడుగు.”

“రాజుకు మాట అందించింది నువ్వే గదమే!”

అదీ నిజమే మరి.

పొద్దున పినాకిని నాటక సమాజం ప్రెసిడెంటు ఓబుళయ్య, పిల్లల నాటకం ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చి పెరట్లో పందిరి కింద కుర్చీ వేయించుకున్నాడు. వేసవి సెలవుల్లో పిల్లలకు నాటకం నేర్పించాలన్నది నారాయణ ఆలోచన. ప్రొద్దుటూరులో అంతకుముందు ఎవరూ తలపెట్టని పని. పద్దెనిమిది మంది పిల్లలు, నెల రోజులు, రోజూ నడిమధ్యలో బొరుగులూ బెల్లమూ. నాటకం కూడా ఆయనే రాశాడు. పెన్నేరు పెన్నమ్మ అనే ఆడమనిషి రూపంలో రాజు కొలువుకు వచ్చి ఫిర్యాదు చేసుకునే కథ.

రాజు వేషం జమాల్‌ది. పదకొండేళ్ళ జమాల్, పెట్టుడు మీసం ఊడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి చాచి “మంత్రీ!” అని గర్జించాడు. బాగుందన్నట్టు ఓబుళయ్య తల పంకించాడు. సరిగ్గా అప్పుడే వంటింటి కిటికీలోంచి వనజమ్మ గొంతు వినబడింది.

“అత్తా, పప్పు పొంగుతాంది, మూత తియ్!”

“అత్తా!” అన్నాడు రాజు అదే గర్జనతో. “పప్పు పొంగుతాంది! మూత తియ్!”

“చిత్తం మహారాజా!” అని మంత్రి నడుము దాకా వంగి దండం పెట్టాడు.

పాపం, పిల్లలది తప్పు కాదు. ఆ సమాజంలో మాటలు కంఠస్థం చేసే అలవాటు పెద్దవాళ్ళకే లేదు. పద్యాలు వస్తే చాలు, మాటల సంగతి ఖలందర్ చూసుకుంటాడు. పగలంతా బజార్లో కుట్టుమిషన్ తొక్కే ఖలందర్, నాటకం రోజున సైడు తెర వెనక పీట వేసుకుని, పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని, ఒక్కో మాటా గుసగుసగా అందిస్తాడు. తెర ముందున్న మనిషి అందుకుని జనం మీదికి విసురుతాడు. నలభై ఏళ్ళుగా అట్లాగే నడుస్తోంది.

పిల్లలకు నేర్పేది పగటిపూట. పగటిపూట ఖలందర్ మిషన్ దిగడు. అందుకని ఆ పని వనజమ్మ మీద పడింది. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని కిటికీలోంచి చెబుతుంది, పిల్లలు పందిరి కింద అందుకుంటారు. ఆమెకు పుస్తకం కూడా అక్కర్లేదు. కిటికీలోంచి ఏది వస్తే అదే నాటకమని పిల్లలు నమ్మారు. కాదని వాళ్ళకు ఎవరు చెప్పారు గనక!

ఓబుళయ్య కూడా నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. కండువాతో కళ్ళు తుడుచుకుని అప్పుడడిగాడు. “లోపల్నుంచి మాట అందిస్తాండేది ఎవురప్పా?”

దాంతో నవ్వులన్నీ ఆగిపోయాయి.

“ఎల్లుండి జమ్మలమడుగులో పిల్లల నాటకానికి ఖలందరే అందిస్తాడు,” అన్నాడు నారాయణ, ఇప్పుడు గొంతు తగ్గించి. “నువ్వు నోరెత్తేది ల్యా, సైడు తెర దాటేది ల్యా. ఓబుళయ్య మామకు మాటిచ్చినా.”

వనజమ్మ గరిటె పక్కన పెట్టింది.

“నన్ను అడక్కుండానే ఇచ్చినావా?”

“అడిగేదానికేముంది? సమాజం పెట్టినప్పటి కట్టుబాటు. ఇంటి ఆడోళ్లు తెర వెనక్కి రాకూడదు.”

ఆ కట్టుబాటు ఆయన పుట్టించింది కాదు. ఆడవేషాలకు కడప నుంచి పిలిపించుకునే నటీమణులు సభ్యుల ఇళ్ళకు రాకూడదు, సభ్యుల ఇళ్ళ ఆడవాళ్ళు తెర వెనక్కి పోకూడదు. ఈ ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడకపోతే ఎవరి కాపురం వాళ్ళు చల్లగా చేసుకుంటారని పాతకాలం పెద్దల ఉద్దేశం. ఆ పెద్దల్లో ఇప్పుడు మిగిలింది ఓబుళయ్య ఒక్కడే.

“జరీనా ఆడపిల్ల గాదా?” అంది వనజమ్మ. “అది పెన్నమ్మ వేషం కట్టి తెర ముందర నిలబడొచ్చు, నేను తెర వెనక నిలబడకూడదా?”

“అది పదేండ్ల బిడ్డ.”

“నాకు ముప్పై నాలుగు. ఇంకెన్నేండ్లు వస్తే నిలబడొచ్చో చెప్పు, అందాకా ఆగుతా.”

మూలన చాటలో బియ్యం ఏరుతున్న అత్త నాగమ్మ భుజాలు కదిలాయి.

“నవ్వుతాండావా అమ్మా?” అన్నాడు నారాయణ.

“నేనేడ నవ్వినా నాయనా? బియ్యంలో రాయి కనపడె.”

పందిరి కింద పిల్లలు బొరుగుల కోసం కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. నారాయణ గడప మీద చతికిలబడ్డాడు. అరిచే మనిషి కూర్చున్నాడంటే అసలు సంగతి ఇప్పుడు బయటికొస్తుందని వనజమ్మకు తెలుసు.

“పులివెందుల్లో మొదటి కృష్ణుడు ఈసారి నాకే అనుకుంటిమి గదా,” అన్నాడు నేల చూస్తూ. “నువ్వు తెర వెనకాల కనపడినా, నీ గొంతు ఇనపడినా ఆ వేషం ఇంకొకరికి పోతాది. మామ ఆ మాట నవ్వుతానే చెప్పినాడు. మామ నవ్వుతా చెప్పినాడంటే ఇంక దానికి తిరుగు ల్యా.”

ఈ నాటకాల్లో ఒకే వేషం ముగ్గురు పంచుకుంటారు. మంచి రంగమూ మంచి పద్యాలూ మొదటివాడికి దక్కుతాయి. తర్వాతి రంగంలో రెండోవాడు వస్తాడు, తెల్లారగట్ల జనం కునికిపాట్లు పడే వేళకు మూడోవాడు. నారాయణ ఎనిమిదేళ్ళుగా రెండో కృష్ణుడు. సీజనుకు మూడు ఊళ్ళు, మూడు నాటకాలు. చైత్రంలో ప్రొద్దుటూరు, నడుమ జమ్మలమడుగు, చివర పులివెందుల. ప్రతి ఏడూ పులివెందుల దాకా ఆశపడటం, మళ్ళీ రెండో కృష్ణుడిగానే ఇంటికి రావడం.

వనజమ్మకు మొగుడి మీద జాలి వేసింది. జాలితో పాటు ఒళ్ళు కూడా మండింది. రెండూ ఒకేసారి వస్తే ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది.

“పెండ్లై వచ్చిన మూడో దినం నా చేతిలో పుస్తకం పెట్టినావు,” అంది. “మాట చెప్పు, నేను అంటా అన్న్యావు. పదారేండ్లు. నీ వేషాలన్నీ నా నోట్లోనుంచే పోయినాయి. నాటకం నాడు నేను యాడుంటా? ఆడోళ్ల పక్క తాడు వెనకాల. ఆడికి సగం మాటలు ఇనపడవు. నేను చెప్పిన మాట జనాల్లో పడినప్పుడు ఎట్లుంటాదో ఒక్కసారి దగ్గర్నుంచి చూడల్లని ఉండాది నాకు. పట్టుచీర అడగల్యా, నగ అడగల్యా. ఇది అడుగుతాండా.”

ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. పప్పు అడుగంటిందని ముగ్గురికీ తెలుసు, ఎవరూ ఆ ఊసెత్తలేదు.

మర్నాడు ఖలందర్ కొట్టు కట్టేసి వచ్చాడు. పందిరి గుంజకు పాత దుప్పటి కట్టించి, దాని వెనక పీట వేసుకుని కూర్చున్నాడు. అరవై ఏళ్ళ మనిషి. ఈ ప్రాంతంలో పేరున్న కృష్ణులూ రాజులూ అందరూ ఆయన గుసగుస మీద బతికినవాళ్ళే.

పెన్నమ్మ వేషం ఆయన మనవరాలు జరీనాది. నడుముకు నీలం చీర చుట్టుకుని వచ్చి నిలబడింది. దుప్పటి వెనక నుంచి తాత మాట అందించాడు. జరీనా పలకలేదు. తాత మళ్ళీ అందించాడు.

“ఏంది తాతా గొణుగుతాండావు?” అంది పెన్నమ్మ, దుప్పటి పక్కకు లాగి.

పొద్దెక్కేదాకా అదే వరస. రాజు కిటికీ వైపు చూస్తాడు, మంత్రి కిటికీ వైపు చూస్తాడు, కడకు ద్వారపాలకులు కూడా ఈటెలు పట్టుకుని కిటికీ వైపే తిరిగి నిలబడ్డారు. వంటింట్లో వనజమ్మ మాట్లాడకూడదని పంతం పట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఖలందర్ లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు.

“బిడ్డా, జనాలకు ఇనపడకుండా చెప్పేదే నా ఇద్య,” అన్నాడు. “నీ పిల్లోల్లకేమో రోటి చప్పుడు మింద, పొయ్యి చప్పుడు మింద ఇనపడే గొంతు అలవాటైపోయినాది. నా మాట వాళ్ల చెవులకు ఎక్కదు. ఓబుళయ్యతో నేను మాట్లాడేదా?”

“వద్దు చిన్నాయనా. ఆయప్ప వేషం పోతాది.” వనజమ్మ కొంగు తీసింది. “నోటికి నేర్పిస్తా. ఒక దినముండాది గదా.”

అన్నంత పనీ చేసింది. ఆ పగలంతా పద్దెనిమిది మందినీ వంటింటి వసారాలో కూర్చోబెట్టుకుని, వంకాయలు తరుగుతూ, మజ్జిగ చిలుకుతూ, ఒక్కో మాటా పదిసార్లు అనిపించింది. పక్కనుంటే చిలకల్లా పలికారు. పరీక్షిద్దామని ఆమె లేచి పెరటి చివరికి పోయి, దడి దగ్గర వీపు తిప్పి నిలబడింది. పందిరి కింద చప్పుడు లేదు.

జరీనా పరుగెత్తుకుంటూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. “నువ్వు కిటికీలో ఉంటే వస్తాది పెద్దమ్మా. నువ్వు కనపడకుంటే అది యాడికో పోతాది.”

నిజం చెప్పాలంటే ఆ మాటకు వనజమ్మ సంతోషపడింది. నాటకం పాడైపోయేటట్టుంది, పిల్లలు నలుగురిలో నవ్వులపాలయ్యేటట్టున్నారు, తనేమో సంతోషపడుతోంది. సిగ్గేసింది. పిల్లదాని తల నిమిరి, “రాకేం, వస్తాది పో,” అని పంపించింది.

శనివారం మధ్యాహ్నం బస్సు నిండా పిల్లలే. ముందు సీట్లో నారాయణ, వెనక సీట్లో అత్తాకోడళ్ళు. మొగుడూ పెళ్ళాల మధ్య రెండు రోజులుగా మాటల్లేవు. ఎర్రటి ఎండ, కిటికీలోంచి వేడిగాలి. హార్మోనియం గౌస్ మొహిద్దీన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఏదో వరస ఎత్తుకుంటే, పిల్లలు గొంతు కలిపారు. సగం దూరం వచ్చాక ముందు సీటు నుంచి ఒక చెనక్కాయల పొట్లం పిల్లల చేతుల మీదుగా వెనక్కి వచ్చింది.

“అయ్యవారు నీకియ్యమన్న్యాడు పెద్దమ్మా.”

వనజమ్మ సగం తీసుకుని, మిగతా సగం అదే దారిన వెనక్కి పంపింది. ముందు సీట్లోంచి వలిచిన చప్పుడు వినబడింది. నాగమ్మ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

జమ్మలమడుగులో బస్టాండుకు కూతవేటు దూరంలో మైదానం. పెద్దల నాటకం రాత్రికి. పిల్లలది ఆరుగంటలకే, వెలుతురుండగానే. అప్పటికే జనం కిటకిటలాడుతున్నారు. పిల్లల నాటకమనేసరికి ఇంట్లో ఉన్న ముసలివాళ్ళూ చంటివాళ్ళూ అందరూ వచ్చి చాపలు పరిచారు. ముందు వరసలో ఓబుళయ్య కుర్చీ. ఎడమపక్క తాడు కట్టి, తాడుకు అవతల ఆడవాళ్ళు. వనజమ్మ, నాగమ్మ అక్కడ సర్దుకుని కూర్చున్నారు.

తెర లేచింది. మొదటి పాట బాగా వచ్చింది. పాటకు గౌస్ మొహిద్దీన్ హార్మోనియం తోడుంది కదా! జమాల్ సింహాసనం మీద కూర్చుని, మీసం నిలవడంతో ధైర్యం తెచ్చుకుని, తన రెండు మాటలూ అనేశాడు. వనజమ్మ గుండెల మీంచి చెయ్యి తీసింది.

అప్పుడు పెన్నమ్మ వచ్చింది. నీలం చీర, జడ నిండా కనకాంబరాలు. జరీనా నడిమధ్యకు వచ్చి నిలబడగానే జనం ముచ్చటపడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే కొంప ముంచాయి. సైడు తెర వెనక ఖలందర్ గొంతు వాటిలో కలిసిపోయింది.

చప్పట్లు ఆగాయి. జరీనా పలకలేదు.

సైడు తెర వెనక నుంచి గుసగుస. మళ్ళీ గుసగుస. జరీనా కళ్ళు కిటికీ కోసం వెతుకుతున్నాయి. ఆ మైదానంలో కిటికీ ఎక్కడిది? వెనక ఎవడో ఈల వేశాడు. పిల్లదాని పెదవి వణికింది.

వనజమ్మ రెండు చేతులతో తాడు పట్టుకుంది. మాట నోట్లోనే ఉంది. పులివెందుల కూడా అక్కడే ఉంది. ఎనిమిదేళ్ళుగా ఆశపడుతున్న మనిషి ఆ తెర వెనక ఎక్కడో నిలబడి ఉన్నాడు. నోరు తెరిస్తే ఆయన వేషం పోతుంది. తెరవకపోతే ఈ బిడ్డ పదిమందిలో ఏడుస్తుంది, మళ్ళీ జన్మలో రంగం ఎక్కదు.

నాగమ్మ మోచేత్తో పొడిచింది.

“చెప్పు మే. ఎంతసేపు నములుతావు?”

“అత్తా, ఆయప్ప వేషం...”

“వాని వేషం సంగతి వాడు చూసుకుంటాడు. వాణ్ణి కనింది నేను. చెప్పు!”

వనజమ్మ మోకాళ్ళ మీద లేచింది. రోటి చప్పుడు మీద, పొయ్యి చప్పుడు మీద వినిపించే ఆ గొంతు మైదానమంతా వినిపించింది.

“రాజా! నేను ఏటికొకసారి నీ ఊరికి వచ్చే చుట్టాన్ని!”

జరీనా గిర్రున తల తిప్పింది. మొహం వెలిగిపోయింది.

“రాజా! నేను ఏటికొకసారి నీ ఊరికి వచ్చే చుట్టాన్ని!”

“వచ్చినప్పుడు నా మొహం చూడవు!”

“వచ్చినప్పుడు నా మొహం చూడవు!”

“పోయినాక ఇసుకలో గుంత తీసి ఎతుకుతావు!”

“పోయినాక ఇసుకలో గుంత తీసి ఎతుకుతావు!”

ఎండాకాలమంతా పెన్నేటి ఇసుకలో చెలమలు తీసి కడవలు నింపుకునే ఊరది. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలింది. జనం గొల్లున నవ్వి, ఈసారి గట్టిగా చప్పట్లు చరిచారు. సగం తలలు రంగం వైపు ఉంటే సగం తలలు ఆడవాళ్ళ వైపు తిరిగాయి. ముందు వరసలో ఓబుళయ్య కుర్చీలోంచి వెనక్కి తిరిగి చూశాడు.

సైడు తెర తొలగించుకుని నారాయణ బయటికి వచ్చాడు. మెట్లు దిగి, జనం మధ్య నుంచి, తిన్నగా తాడు దగ్గరికి నడిచాడు. రంగం మీద జమాల్ తెలివిగా మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. గౌస్ మొహిద్దీన్ ఇంకేం తోచక హార్మోనియం అందుకున్నాడు.

బస్టాండుకు పంపిస్తాడు, అనుకుంది వనజమ్మ. పంపిస్తే పోతాను. చెప్పాల్సింది చెప్పేశాను.

“లెయ్,” అన్నాడు నారాయణ.

ఆమె లేచింది.

“ఈడ కూచోని అరిస్తే మూడు రంగాలకు నీ గొంతు ఉండదు. లోపలికి రా.”

“నారాయణా!” ఓబుళయ్య గొంతు ముందు వరస నుంచి వచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు. “పులివెందుల మతికుండాదా?”

నారాయణ చెయ్యి తాడు మీద ఉంది. ఒక్క క్షణం ఆ చెయ్యి కదల్లేదు. వనజమ్మ ఆ చేతినే చూస్తోంది.

“ఉండాది మామా,” అన్నాడు. తాడు పైకెత్తాడు.

వనజమ్మ తాడు కింది నుంచి వంగి ఇవతలికి వచ్చింది. అంత జనం ముందు మొగుడి పక్కన నడవడం ఆమెకు అదే మొదలు. లోపల ఖలందర్ అప్పటికే పీట మీంచి లేచి నిలబడ్డాడు. “దా బిడ్డా, కూచో,” అని పుస్తకం చేతికివ్వబోయాడు. ఆమె కూర్చోలేదు, పుస్తకమూ తీసుకోలేదు. సైడు తెర అంచు పట్టుకుని నిలబడింది.

ఇదా తెర వెనక! పదహారేళ్ళుగా అదేదో ఇంద్రలోకం అనుకుంది. బల్ల మీద రంగు డబ్బాలు, ఊడిన కిరీటం, మూలన తలా ఒక దిక్కుకు పడి ఉన్న చెప్పులు. జరీనా చీర వెనకపక్క నాలుగు పిన్నీసుల మీద నిలబడి ఉంది. ఆ పిన్నీసుల అవతల, పడమటి వెలుతురులో, వందల మొహాలు. తన నోటి నుంచి మాట పోయి, పిల్ల నోట పలికి, ఆ మొహాల మీద పడగానే అవి కదలడం వనజమ్మ చూసింది. ఇక చాలు, అనుకుంది. వెంటనే ఇంకా కావాలనిపించింది.

వెనక చెక్కమెట్లు కిర్రుమన్నాయి.

ఓబుళయ్య లోపలికి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. వనజమ్మను, నారాయణను, పీట పక్కన నిలబడిన ఖలందర్‌ను వరసగా చూశాడు. నోరు తెరిచాడు.

వనజమ్మ రంగం మీంచి చూపు తిప్పకుండా అరచెయ్యి పైకెత్తింది.

“ఆగు పెద్దాయనా. బిడ్డ మాట్లాడతాండాది.”

తెర ముందు మనిషి మాట్లాడుతుంటే తెర వెనక సమాజం వాళ్ళెవరూ నోరు విప్పకూడదు, మాట అందించేవాళ్ళు తప్ప. ఇదీ కట్టుబాటే. పెట్టింది ఓబుళయ్యే. దగ్గి గొంతు సవరించుకున్నందుకు సొంత తమ్ముణ్ణి ఒక సీజనంతా నాటకానికి దూరంగా కూర్చోబెట్టిన మనిషి.

ఆయన తెరిచిన నోరు మూశాడు. చేతులు కట్టుకుని, నారాయణకూ వనజమ్మకూ నడుమ నిలబడ్డాడు. పెన్నమ్మ మాట అయ్యేదాకా ఆగక తప్పదు. అయ్యాక ఏం చెప్పాలో ఆయన సిద్ధం చేసుకుంటున్నట్టు దవడలు కదులుతున్నాయి.

వనజమ్మ తర్వాతి మాట అందించింది. జరీనా అందుకుంది. ఆ రంగంలో పెన్నమ్మ మాటలు ఇంకా పేజీన్నర ఉన్నాయి.